ఏపీ నంబరు కారు, బెంగళూరు బేరం

మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఈమధ్య ఒక కుర్రాడు తన కారు ఫొటోలు పెట్టాడు. కడప నంబరు, కొన్న దగ్గర్నుంచి అతనొక్కడే వాడిన బండి, సర్వీసు కాగితాలన్నీ ఉన్నాయి. ఉద్యోగం మీద నెదర్లాండ్స్ వెళ్తున్నాడు, ఈలోపు అమ్మేయాలి. గ్రూపులో ఎవరూ ముందుకు రాలేదు. తర్వాత అతనే ఇంకో మెసేజ్ పెట్టాడు. ఓల్డ్ మద్రాస్ రోడ్డులో సెకండ్ హ్యాండ్ కార్లమ్మే ఆయన ఒకరు మంచి రేటే ఇస్తానన్నాడట. డబ్బు వెంటనే ఖాతాలో వేస్తాడట. షరతు ఒకటే: బండి అమ్మినట్టు తెలిపే ఫారం 29, పేరు మార్చమని అడిగే ఫారం 30 మీద కొన్నవాళ్ల పేరు ఖాళీగా ఉంచి సంతకాలు పెట్టివ్వాలి. ఎన్‌ఓసీ (బండి వేరే రాష్ట్రానికి మారడానికి అభ్యంతరం లేదని పాత ఆర్టీఓ ఇచ్చే కాగితం) సంగతి తర్వాత ఆయనే చూసుకుంటాడు. "ఇచ్చేయమంటారా అన్నా? అక్కా, మీరేమంటారు?" అని అడిగాడు.

వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం "ఇచ్చేయ్ తమ్ముడూ, అందరూ చేసేదే" అన్నవే. నేను వద్దని రాశాను. ఎందుకు వద్దో ఫోనులో నాలుగు ముక్కల్లో చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను. అతనికి చెప్పాల్సింది చిన్నదే: పేరు మారే దారి లేకుండా బండి ఇవ్వకు. కానీ నేను ఇక్కడ చెప్పదలచుకున్నది దాని వెనకున్న సంగతి. వేరే రాష్ట్రం బండ్లు పేరు మారకుండానే చేతులు మారడానికి జనం బద్ధకమో, తెలియనితనమో కారణం అంటే నేనొప్పుకోను. లైఫ్ ట్యాక్స్, అంటే బండి జీవితకాలానికంతా ఒక్కసారే కట్టే పన్ను, వసూలు చేసే పద్ధతే వాళ్లని ఆ దారి పట్టిస్తోంది. రెండు రాష్ట్రాలు తమలో తాము తేల్చుకోవాల్సిన పన్ను లెక్కని బండి అమ్ముకునే మనిషి నెత్తిన పెట్టాం. ఖాళీ ఫారాల మీద సంతకాలు అక్కడి నుంచే పుట్టుకొచ్చాయి.

ఆ తగ్గింపు ఎవరి జేబులోకి?

ఇందులో నా అనుభవం కొంత ఉంది. కంటి ఆపరేషన్ తర్వాత నాన్న డ్రైవింగ్ మానేశారు. ఒంగోలులో ఊరికే నిలబడి ఉండటం ఎందుకని ఆయన కారు మేం బెంగళూరు తెచ్చుకున్నాం. ఏపీ 27 నంబరు. ఏడాది నిండేలోపు ఏదో ఒకటి తేల్చుకోవాలని ముందే అనుకున్నాం. ఇక్కడి నంబరు వేయించడమా, అమ్మడమా అని చూస్తే అమ్మడమే నయమనిపించింది.

కృష్ణరాజపురం నుంచి ఒక పెద్దాయన చూడ్డానికొచ్చారు. కన్నడాయన, తెలుగు బాగానే మాట్లాడతారు. బండి తిప్పి చూశారు, బానెట్ ఎత్తి చూశారు, టైర్లు చూశారు. "బండి చాలా బాగుంది మేడమ్. ఇదే మా కర్ణాటక కేఏ నంబరైతే ఇప్పుడే అడ్వాన్స్ ఇచ్చేవాణ్ని" అన్నారు. తర్వాత ఆయన చెప్పిన ధర విని మా ఆయన ముఖం మాడిపోయింది. ఆ పెద్దాయన నొచ్చుకోలేదు. కాగితం అడిగి తీసుకుని, టీ తాగుతూ లెక్క రాసి చూపించారు.

ఆ లెక్క ఎలాంటిదంటే: కర్ణాటకలో కొత్త కారుకి లైఫ్ ట్యాక్స్ 5 లక్షల లోపు ధరకి 13 శాతం, 5 నుంచి 10 లక్షలకి 14, 10 నుంచి 20 లక్షలకి 17, ఆపైన 18. దాని మీద మళ్లీ సెస్సు. దేశంలో బాగా ఎక్కువ పన్ను వేసే రాష్ట్రాల్లో ఇదొకటి. 8 లక్షల కారుకి సెస్సు కాకుండానే 1,12,000. బయటి రాష్ట్రం నుంచి వచ్చిన పాత బండికి దాని వయసును బట్టి ఇందులో కొంత తగ్గిస్తారు. తగ్గించాక కూడా మిగిలేది పెద్ద మొత్తమే. దాని మీద ఎన్‌ఓసీ ఖర్చులు, ఏజెంటు ఫీజు, కొత్త నంబరు ప్లేట్లు, ఆఫీసు మానుకుని ఆర్టీఓ దగ్గర నిలబడే రోజులు. ఇవన్నీ కలిపి ఆయన మా ధరలోంచి తీసేశారు. అంతకుమించి ఒక్క రూపాయి తగ్గించలేదు.

చాలామంది ఇక్కడే పొరబడుతున్నారని నా అభిప్రాయం. "ఏపీ నంబరని చెప్పి లక్ష కొట్టేశాడు" అని కొనేవాళ్లని తిట్టుకుంటారు. ఆ లక్ష వాళ్ల జేబులోకి పోదు, కర్ణాటక ఖజానాకి పోతుంది. అదే కారుకి నాన్న కొన్నరోజే ఒంగోలులో లైఫ్ ట్యాక్స్ మొత్తం ఒక్కసారే కట్టారు. ఆ పన్నులో బండి ఇంకా వాడుకోని ఏళ్ల భాగం ఆంధ్రాలోనే ఉండిపోయింది. ఆ ఏళ్లకే ఇక్కడ ఇంకోసారి కట్టాలి.

రీఫండ్ ఉంది కదా అంటారు. ఉంది. బండి వేరే రాష్ట్రంలో రిజిస్టరయితే మిగిలిన కాలానికి కొంత వెనక్కి ఇచ్చే పద్ధతి ఉంది. కానీ వరస చూడండి. ముందు పాత ఆఫీసులో ఎన్‌ఓసీ తీసుకోవాలి, తర్వాత కొత్త రాష్ట్రంలో పన్ను కట్టి నంబరు వేయించాలి, ఆ కొత్త ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ కాగితం) చూపించి మళ్లీ పాత ఆఫీసుకే వెళ్లి అడగాలి. బండి అమ్మేసినప్పుడు ఆ కొత్త ఆర్‌సీ కొన్నవాళ్ల చేతిలో ఉంటుంది. పన్ను కట్టినవాళ్లొకరు, కాగితం ఉన్నవాళ్లు ఇంకొకరు, డబ్బు ఇవ్వాల్సిన ఆఫీసు మూడో ఊళ్లో. ఒంగోలులో నాన్నకి తెలిసిన ఏజెంటుని అడిగితే, "ఆ డబ్బు సంగతి మర్చిపోండి మాస్టారూ" అన్నాడు. నాన్న మర్చిపోలేదు. నలభై ఏళ్లు బళ్లో లెక్కలు చెప్పినాయన, కట్టిన పన్ను మర్చిపొమ్మంటే ఆయనకి నిద్రపట్టలేదు.

సంతకం పెట్టి మర్చిపోతే

ఖాళీ ఫారాల వ్యాపారం నడుస్తున్నది ఈ రెండోసారి పన్ను తప్పించుకోవడానికే. కొన్నాయన బండిని తన పేరు మీదికి మార్చుకుంటే పన్ను పడుతుంది, పైగా ఆర్‌సీలో యజమానుల సంఖ్య ఒకటి పెరిగి రేటు పడిపోతుంది. అందుకని మీ పేరు మీదే ఉంచి, ఎవరో ఒకరు దొరికేదాకా తిప్పుతాడు. ఆ దొరికినవాళ్లు కూడా పన్ను ఎందుకు కట్టాలని అలాగే తిప్పుతారు. అందరి లెక్కా సరిపోతుంది, మీది తప్ప.

ఎందుకంటే చట్టం దృష్టిలో యజమాని అంటే ఆర్‌సీలో పేరున్న మనిషి. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 2(30) చెప్పేది ఇదే. ఇంటి దగ్గర రాసుకున్న అమ్మకం కాగితం, డెలివరీ నోట్, బ్యాంకులో పడ్డ డబ్బు, ఇవేవీ ఆ పేరుని మార్చవు. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో ఇదే తేల్చింది. ఆర్‌సీలో పేరున్నాయన 2007లోనే కారు అమ్మేశాడు. ఆ తర్వాత అది చేతులు మారుతూ పోయింది, పేరు మాత్రం మారలేదు. 2009లో ప్రమాదం జరిగి ఒకరు చనిపోయారు. పరిహారం బాధ్యత ఎవరిదంటే, ఆర్‌సీలో పేరున్నాయనదే అంది కోర్టు. కోర్టు చెప్పిన కారణం నాకు న్యాయంగానే అనిపించింది. దెబ్బతిన్న కుటుంబం ఒకరి తర్వాత ఒకరుగా కొన్నవాళ్లందరినీ వెతుక్కుంటూ తిరగలేదు. వాళ్లకి ఒక పేరు కావాలి. ఆ పేరు ఆర్‌సీలో ఉంటుంది.

మా ఆఫీసులో చిత్తూరు అమ్మాయి ఒకతె ఉంది. వాళ్ల నాన్న స్కూటర్ ఇక్కడ అమ్మేసింది, ఫారాలు సంతకం పెట్టించి ఇచ్చేసింది. కొన్నాళ్లకి హోసూరు వైపు నుంచి చలానాలు రావడం మొదలయ్యాయి. అవి చిన్న సంగతే, కట్టేసింది. ఒకరోజు రాత్రి వాళ్ల నాన్నకి పోలీసుల ఫోన్ వచ్చింది, బండి నంబరు చెప్పి మీదేనా అని. ఆ పెద్దాయన తెల్లారేదాకా కూర్చునే ఉన్నారట. ఏదో పార్కింగ్ గొడవని తర్వాత తేలింది. కానీ తేలేలోపు ఆ ఇంట్లో పడిన టెన్షన్‌కి ఎవరు జవాబు చెప్తారు? కొన్నాయన ఫోను అప్పటికే స్విచ్చాఫ్.

గ్రూపులో ఒకాయన నాతో వాదించారు. "వేలమంది ఇలా అమ్ముతున్నారు, ఎంతమందికి ఏమైంది?" అని. నిజమే, ఎక్కువమందికి ఏమీ కాదు. కానీ అయినవాళ్లకి అయ్యేది మామూలు నష్టం కాదు. ఇన్సూరెన్స్ ఉంటే కంపెనీ కడుతుందిలే అనుకోవచ్చు. కొన్నాయన దాన్ని రెన్యువల్ చేయించాడో లేదో మీకెలా తెలుస్తుంది? పైగా విదేశం వెళ్లిపోయే మనిషికి ఇది ఇంకా ప్రమాదం. కడప ఇంటికి కోర్టు నోటీసు వస్తే తీసుకోవాల్సింది వయసు మళ్లిన తల్లిదండ్రులు.

వ్యాపారులందరూ మోసగాళ్లని నేననడం లేదు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలు ఉన్నాయి. వాటి ప్రకారం ఆర్టీఓ దగ్గర అనుమతి పొందిన పాత వాహనాల డీలరుకి మీరు బండి అప్పగిస్తే, ఆ సంగతి ఫారం 29సీలో పోర్టల్లో నమోదవుతుంది. అప్పటి నుంచి ఆ డీలరునే యజమానిగా భావిస్తారు. ఎన్‌ఓసీకి, పేరు మార్పుకి ఆయనే దరఖాస్తు చేసుకోవచ్చు. కాబట్టి డీలరుకి అమ్మాల్సివస్తే అడగాల్సింది రెండే ప్రశ్నలు: మీకు ఆ అనుమతి ఉందా, 29సీ ఇప్పుడే చేస్తారా? "అవన్నీ ఎందుకు సార్, మేమున్నాంగా" అన్న జవాబొస్తే తాళాలు జేబులో వేసుకుని వచ్చేయడమే.

ఏడాదిలోపు నంబరు మార్చుకోవాల్సింది కదా

నా వాదనకి ఎదురొచ్చే మాటల్లో గట్టిది ఇది. చట్టంలో సెక్షన్ 46 ఒక రాష్ట్రంలో చేసిన రిజిస్ట్రేషన్ దేశమంతా చెల్లుతుందంటుంది. వెంటనే సెక్షన్ 47 వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి బండి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలంటుంది. బెంగళూరు రోడ్లు వాడుకుంటూ, ఇక్కడి ట్రాఫిక్‌లో భాగమవుతూ, పన్ను మాత్రం ఒంగోలుకే కట్టానంటే కర్ణాటకవాళ్లకి కోపం రావడంలో తప్పులేదు. పుదుచ్చేరి అడ్రసు పెట్టి అక్కడ తక్కువ పన్నుతో ఖరీదైన కార్లు రిజిస్టర్ చేయించి ఇక్కడ తిప్పేవాళ్ల మీద ఆర్టీఓలు పడితే నేను ఆర్టీఓల పక్షమే.

కానీ ఆ కోపం ఎంతదూరం పోయిందో కూడా గుర్తుంచుకోవాలి. 2014లో కర్ణాటక తన పన్ను చట్టాన్ని మార్చి, బయటి బండి 30 రోజులు దాటి ఉంటే చాలు లైఫ్ ట్యాక్స్ మొత్తం కట్టాలంది. ఆ రోజుల్లో ఇక్కడి తెలుగువాళ్లు టోల్ రసీదులు కారులో దాచుకుని తిరిగేవాళ్లు, పోయిన నెలే ఊరెళ్లొచ్చామని చూపించడానికి. 2016లో హైకోర్టు ఆ 30 రోజుల నిబంధన కొట్టేసింది.

12 నెలల గడువు న్యాయమైనదే అనుకున్నా, అది సరిపోయేది ఒక ఊళ్లో స్థిరపడేవాళ్లకి. ఇక్కడికొచ్చే కుర్రాళ్లలో ఏడాది తర్వాత ఎక్కడుంటారో తెలిసినవాళ్లు తక్కువ. ప్రాజెక్టు మారితే హైదరాబాద్, పెళ్లయితే చెన్నై, ఇంకో ఆఫరొస్తే పుణె. ప్రతి మజిలీలోనూ మిగిలిన ఏళ్లకి పన్ను కట్టి, పాతచోట రీఫండ్ కోసం తిరగమంటే ఎవరు తిరుగుతారు? హోసూరులో ఇల్లు, ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం ఉన్నవాళ్ల మాటేమిటి? బండి రాత్రి తమిళనాడులో, పగలు కర్ణాటకలో. ఏ రాష్ట్రంలో 'ఉంచినట్టు'?

దీనికి మందుగా కేంద్రం 2021 సెప్టెంబరులో బీహెచ్ సిరీస్ తెచ్చింది. పన్ను రెండేళ్లకోసారి కట్టుకోవచ్చు, రాష్ట్రం మారినా నంబరు మారదు. ఆలోచన చాలా మంచిది. కానీ ప్రభుత్వ ఉద్యోగులకి, రక్షణశాఖలో ఉన్నవాళ్లకి, నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు సంస్థల ఉద్యోగులకి మాత్రమే. చిన్న కంపెనీలో చేసేవాళ్లు, సొంతంగా పనిచేసుకునేవాళ్లు, మా నాన్నలాంటి రిటైరైనవాళ్లు అందులోకి రారు. ఎక్కువగా ఊళ్లు మారేది ఆ చిన్న ఉద్యోగాలవాళ్లే అని నా ఉద్దేశం.

మేం చేసింది, చేయకుండా ఉండాల్సింది

మేం కారుని వెనక్కి ఒంగోలు తీసుకెళ్లి అమ్మాం. అక్కడి బేరం ఇక్కడి కేఏ నంబరు రేటంత రాలేదు, కానీ ఆ పెద్దాయన తగ్గించినంత కూడా తగ్గలేదు. కొన్నది కందుకూరు దగ్గరి రైతు. నాన్న మొదట్లోనే చెప్పేశారు: "పేరు మారేవరకూ బండి మా వాకిట్లోనే ఉంటుంది బాబూ." ఆయనా ఒప్పుకున్నారు. రాష్ట్రం మారలేదు కాబట్టి ఎన్‌ఓసీ గొడవ లేదు. చిక్కొచ్చింది సంతకం దగ్గర. కంటి ఆపరేషన్ తర్వాత నాన్న సంతకం పాత రికార్డులోదానిలా లేదన్నారు. ఆధార్ చూపించి, మళ్లీ పెట్టించుకున్నాక పని అయింది. ఇన్సూరెన్స్ పాలసీ మీద ఉన్న నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) నాన్నదే కాబట్టి దాని లెటర్ కూడా తీసుకున్నాం. అది మూడేళ్లదాకా పనికొస్తుంది. చాలామంది బండితో పాటు దాన్నీ వదిలేసుకుంటారు.

కాబట్టి ఇప్పుడున్న పద్ధతిలో నా సలహా ఇదే: నంబరు ఏ రాష్ట్రానిదో ఆ రాష్ట్రంలోనే అమ్మండి. కుదరకపోతే ముందు ఎన్‌ఓసీ తీసుకుని, ఆ తర్వాతే బేరానికి కూర్చోండి. అప్పు తీరిన బండైతే బ్యాంకు కాగితం, ఆర్‌సీలోంచి బ్యాంకు పేరు తీయించే ఫారం 35 ఇంకా ముందు. ఎన్‌ఓసీ అడిగిన 30 రోజుల్లో ఆఫీసు ఇవ్వకా, కాదనకా ఊరుకుంటే ఇచ్చినట్టే లెక్క అని సెక్షన్ 48 చెప్తోంది. దరఖాస్తు రసీదు జాగ్రత్తగా దాచుకోవాలి.

కానీ ఈ సలహా ఇస్తుంటే నాకే బాధగా ఉంది. ఒక కారు అమ్ముకోవడానికి రాష్ట్రం దాటి మనిషి వెనక్కి పోవాలా? సెలవుల్లేనివాళ్లు, ఒంటరిగా ఉండే ఆడపిల్లలు, రేపో మాపో విమానం ఎక్కేవాళ్లు ఏం చేయాలి?

యూకేలో ఉండే మా చిన్నాన్న కూతురు తిరిగొచ్చేముందు తన కారు అమ్మింది. లాగ్‌బుక్‌లోని నంబరు, కొన్నవాళ్ల పేరు, అడ్రసు అక్కడి వాహనాల రిజిస్ట్రేషన్ సంస్థ డీవీఎల్‌ఏ సైటులో నింపింది. దాంతో అమ్మినట్టు రికార్డయింది. కట్టిన పన్నులో మిగిలిన పూర్తి నెలల డబ్బు అడగకుండానే వెనక్కొచ్చింది. 2014 అక్టోబరు నుంచి అక్కడ బండి పన్ను కొత్త మనిషికి బదిలీ కాదు. కొన్నవాళ్లు తమ పన్ను తాము కట్టుకోవాల్సిందే, అమ్మినవాళ్లకి మిగిలింది తిరిగొస్తుంది. ఎవరికీ ఖాళీ కాగితం మీద సంతకంతో పని లేదు.

ఇది చెప్తే మా ఆయన, "అక్కడ పన్ను వసూలు చేసేది ఒకటే ఆఫీసు. ఇక్కడ రాష్ట్రానికో ఖజానా. వాహనాల పన్ను రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలో ఉంది" అన్నారు. అది నిజం, 57వ అంశం. రాష్ట్రాల ఆదాయం లాక్కోమని నేనూ అనను. కానీ రాష్ట్రాల మధ్య పన్ను సర్దుబాటు చేయడం మనకి చేతకాని పనేం కాదు. 2017 జులై నుంచి జీఎస్‌టీలో అదే చేస్తున్నాం. చెన్నై దుకాణం బెంగళూరుకి సరుకు పంపితే కర్ణాటక వాటా కర్ణాటకకి చేరుతుంది. కొన్నాయన చెన్నై వెళ్లి రీఫండ్ అడిగి, ఇక్కడికొచ్చి మళ్లీ కట్టడం లేదు. ప్రభుత్వాలే తమలో తాము చూసుకుంటున్నాయి. లైఫ్ ట్యాక్సులో మిగిలిన ఏళ్ల వాటా కూడా అలాగే ఒంగోలు ఆఫీసు నుంచి కృష్ణరాజపురం ఆఫీసుకి పోవచ్చు. రెండు రాష్ట్రాల రేట్లలో తేడా ఉంటే అది కొన్నవాళ్లు కట్టుకుంటారు. దానికెవరూ కాదనరు.

అది జరగడానికి ఏళ్లు పట్టొచ్చు, రాష్ట్రాలన్నీ ఒప్పుకోవాలి. ఈలోగా చేయగలిగింది ఒకటుంది. డీలరుకి బండి అప్పగించినట్టు పోర్టల్లో నమోదైతే చాలు బాధ్యత ఆయనదేనని 2023లో ఒప్పుకున్నాం. అదే సూత్రం మామూలు మనుషుల మధ్య అమ్మకానికి ఎందుకు పనికిరాదు? అమ్మినవాళ్లు తప్పుడు పేరు రాసి తప్పించుకుంటారనే భయం ఉంటే, కొన్నవాళ్ల ఆధార్ ఓటీపీ వచ్చాకే నమోదయ్యేలా చేయొచ్చు. పన్ను, కొత్త నంబరు తర్వాత కొన్నవాళ్ల దగ్గర వసూలు చేసుకోవచ్చు, కట్టేదాకా వాళ్ల పేరు మీదే బాకీ ఉంటుంది. ప్రమాదం జరిగితే దెబ్బతిన్న కుటుంబానికి అప్పుడూ ఒక పేరు దొరుకుతుంది, అదీ ఆ రోజు నిజంగా బండి ఎవరి దగ్గరుందో వాళ్ల పేరు.